గండి పడకముందే

ఐన్‌స్టీన్ కడుపులో ఆరేళ్లు కొట్టుకున్న ముప్పు, అది మనకు మిగిల్చిన పాఠం

1955 ఏప్రిల్ 13, బుధవారం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ప్రిన్స్‌టన్ పట్టణం. మెర్సర్ వీధిలో 112వ నంబరు ఇల్లు.

ఆ రోజు వచ్చిన అతిథులు వెళ్లిపోయారు. ఇజ్రాయెల్ ఏడో స్వాతంత్ర్య దినోత్సవానికి ఇవ్వాల్సిన ప్రసంగం గురించి ఆ దేశ కాన్సుల్ వచ్చి మాట్లాడి వెళ్లాడు. ఇంటాయన కాసేపు నడుం వాల్చారు. ముందురోజు నుంచే ఒంట్లో బాగాలేదు. మంగళవారం తాను పనిచేసే పరిశోధన సంస్థకు వెళ్లినప్పుడు ఆయన ముఖం చూసిన సహాయకురాలు అంతా సుఖమేనా అని అడిగింది. అన్నీ సుఖంగానే ఉన్నాయి, తానొక్కడే లేనని ఆయన చిరునవ్వుతో జవాబిచ్చారు.

మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగిన వేళ, హెలెన్ డూకాస్‌కి గబగబా అడుగుల చప్పుడు వినిపించింది. ఇరవయ్యేడేళ్లుగా ఆయన ఉత్తరాలు, ఇల్లు, రోజులు అన్నీ చూసుకుంటున్న కార్యదర్శి ఆమె. ఆయన అడుగుల తీరు ఆమెకు తెలుసు. ఆ చప్పుడు మామూలుది కాదు. పరుగున వెళ్లేసరికి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ స్నానాలగదిలో కుప్పకూలి ఉన్నారు.

డాక్టర్లు వచ్చారు. నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు. ఆయన నిద్రలోకి జారుకున్నారు. డూకాస్ తన మంచాన్ని ఆయన మంచం పక్కకు లాక్కుంది. ఎండిపోయిన ఆయన పెదవులకు రాత్రంతా మంచుముక్కలు అద్దుతూ కూర్చుంది.

ఏం జరిగిందో ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. ఈ రోజు వస్తుందని ఆ ఇంట్లో అందరికీ ఐదేళ్లుగా తెలుసు. ఎప్పుడొస్తుందన్నదే తెలియదు.

అరచేతికి తగిలిన నాడి

కథ వెనక్కి, 1948కి వెళ్లాలి.

అప్పటికి ఐన్‌స్టీన్‌కి 69 ఏళ్లు. కడుపునొప్పి ఆయనకు పాత చుట్టమే. 1917లో బెర్లిన్‌లో ఉండగా కాలేయం జబ్బు, పిత్తాశయంలో రాళ్లు, కడుపులో పుండు అంటూ నెలల తరబడి మంచం పట్టారు. ఈసారి నొప్పి మరో తీరున వస్తోంది. మూడు నాలుగు నెలలకోసారి పైకడుపులో మొదలై రెండు మూడు రోజులు పీడించి, వాంతులు చేయించి పోతోంది. పిత్తాశయం మళ్లీ తిరగబడిందని అనుకోవడానికి అన్ని లక్షణాలూ ఉన్నాయి.

ఆయన్ను పరీక్షించిన సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్. ఆయనా జర్మనీ నుంచి వచ్చినవారే. 1931లో బెర్లిన్‌లో ఒక రోగి ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించి బతికించిన ఘనత ఆయనది. తండ్రి యూదుడు కావడంతో 1933లో హిట్లర్ వచ్చాక దేశం విడిచి ఇస్తాంబుల్, అక్కడినుంచి అమెరికా చేరారు. అన్నవాహికకు చేసే ఒక శస్త్రచికిత్సను నేటికీ ప్రపంచమంతా ఆయన పేరుతోనే పిలుస్తోంది.

నిస్సెన్ తన అరచేతిని ఐన్‌స్టీన్ పొట్టమీద ఆనించారు. బొడ్డుకు కాస్త పైన, నడిమధ్యలో, లోపల ఒక గడ్డ తగిలింది. గడ్డ కదలకుండా ఉంటే అది వేరే సంగతి. ఇది కొట్టుకుంటోంది. గుండె ఒకసారి కొట్టుకుంటే పొట్టలోని ఆ గడ్డా ఒకసారి ఎగసిపడుతోంది.

లోపల ఏముందో తేల్చాలంటే కోసి చూడటమే దారి. 1948 డిసెంబరులో బ్రూక్లిన్‌లోని యూదు ఆసుపత్రిలో నిస్సెన్ ఆయన పొట్ట తెరిచారు. గడ్డ అనుకున్నది గడ్డ కాదు, రక్తనాళం. గుండె నుంచి బయల్దేరి వెన్నెముక ముందుగా కిందికి దిగే బృహద్ధమని ఒకచోట బుడగలా ఉబ్బి ఉంది. అమెరికా వైద్యులు దాని పరిమాణాన్ని గ్రేప్‌ఫ్రూట్‌తో పోల్చారు. మన లెక్కలో పెద్ద బత్తాయికాయంత అనుకోవచ్చు. గోడ ఇంకా గట్టిగానే ఉంది, చిల్లు పడలేదు.

దీన్నే అన్యూరిజం అంటారు.

అరిగిన టైరు, ఉబ్బిన ట్యూబు

సైకిలు తొక్కిన వాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. టైరు ఒకచోట అరిగిపోతే లోపలి ట్యూబు అక్కడ బుడగలా బయటికి పొడుచుకొస్తుంది. గాలి అన్నిచోట్లా ఒకే ఒత్తిడితో ఉంటుంది, గోడ పలచబడినచోటే ఉబ్బుతుంది.

బృహద్ధమని గోడలో రెండు రకాల పోగులుంటాయి. ఎలాస్టిన్ పోగులు రబ్బరులా సాగి వెనక్కి వస్తాయి. కొల్లాజెన్ పోగులు తాడులా బిగపట్టి ఉంచుతాయి. మూత్రపిండాలకు రక్తం పంపే నాళాలు విడిపోయాక, ఆ కిందిభాగంలో ఎలాస్టిన్ పొరలు తక్కువ. ఉబ్బులు ఎక్కువగా అక్కడే రావడానికి అదొక కారణం. వయసుతో, పొగతో, రక్తపోటుతో, వంశంలోంచి వచ్చిన బలహీనతతో ఎలాస్టిన్ తగ్గిపోతుంది. మిగిలిన కొల్లాజెన్ మీదే భారమంతా పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో పొట్టలోని బృహద్ధమని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. 3 సెంటీమీటర్లు దాటితే అన్యూరిజం కిందే లెక్క.

అసలు ప్రమాదం దాని పెరుగుదలలో ఉంది. బుడగ ఊదేటప్పుడు గమనించండి. మొదటి ఊపిరికి బుగ్గలు నొప్పి పుడతాయి. కాస్త పెద్దదయ్యాక సులువుగా ఉబ్బుతుంది. నాళం ఎంత వెడల్పయితే దాని గోడమీద లాగుడు అంత పెరుగుతుంది. వెడల్పయ్యేకొద్దీ గోడ పలచబడుతుంది కాబట్టి ఆ లాగుడును ఓర్చుకునే శక్తి తగ్గుతూ పోతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఈ లెక్క చెప్పి ఉంచాడు. అందుకే చిన్న ఉబ్బు నెమ్మదిగా పెరుగుతుంది, పెద్ద ఉబ్బు తొందరగా పెరుగుతుంది. సగటున ఏడాదికి 2, 3 మిల్లీమీటర్లు. కొందరిలో ఏళ్ల తరబడి కదలదు, కొందరిలో ఉన్నట్టుండి దూకుతుంది.

ఇంత జరుగుతున్నా మనిషికి దాదాపుగా ఏమీ తెలియదు. చాలామందిలో నొప్పి ఉండదు. నడక ఆగదు. ఆకలి తగ్గదు. గోదావరి గట్టు లోపల ఎలుకబొరియ పడితే పైన నడిచేవాడికి కనపడనట్టే.

సెల్లోఫేన్ గట్టు

పొట్ట తెరిచి ఉంది. రోగి లోకప్రసిద్ధుడు. నిస్సెన్ చేతిలో ఉన్న ఉపాయాలు చాలా తక్కువ.

ఉబ్బిన ముక్కను కోసి తీసి, ఆ స్థానంలో మరో గొట్టం అతికించే పద్ధతి అప్పటికి లేదు. బృహద్ధమనిని కోసిన చోట మరో నాళం పెట్టి పొట్టలో అన్యూరిజాన్ని విజయవంతంగా తొలగించిన మొదటి శస్త్రచికిత్స పారిస్‌లో జరిగింది. షార్ల్ ద్యుబో అనే సర్జన్ 1951 మార్చి 29న చేశారు. చనిపోయిన వ్యక్తి శరీరం నుంచి తీసి భద్రపరచిన నాళాన్ని అందుకు వాడారు. నిస్సెన్‌కి అది రెండేళ్లకు పైగా దూరంలో ఉంది.

ఆ రోజుల్లో కొందరు సర్జన్లు చేస్తున్న పనే ఆయనా చేశారు. ఉబ్బు ముందుభాగాన్ని సెల్లోఫేన్‌తో చుట్టారు. బిస్కెట్లకు, మిఠాయిలకు చుట్టే సెల్లోఫేన్ జాతిదే. పరాయి వస్తువు తగిలితే శరీరం ఊరుకోదు. దాని చుట్టూ మచ్చలాంటి గట్టి కణజాలాన్ని అల్లుతుంది. ఆ అల్లికే పలచబడిన గోడకు దన్నుగా నిలుస్తుందని ఆశ. గట్టు బలహీనపడినచోట ఇసుక బస్తాలు పేర్చడం లాంటి పని అది.

1949 జనవరి 13న ఐన్‌స్టీన్ ఆసుపత్రి నుంచి బయటికొచ్చారు. ఇసుక బస్తాలు పేర్చారు గాని వరద తగ్గలేదు. లోపల నాడి కొడుతూనే ఉంది.

పెరుగుతోందని తెలిసిన రోజు

దాదాపు ఏడాదిన్నర తర్వాత పరీక్షలో తేలింది. ఉబ్బు పెరుగుతోంది.

ఎంత పెరిగింది? ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు? ఈనాటి డాక్టరు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. ఆనాడు దానికి జవాబు చెప్పగల పరికరం ప్రపంచంలోనే లేదు. వైద్యుడి చేతిలో ఉన్నవి ప్రధానంగా రెండే. ఒకటి తన అరచెయ్యి. రెండోది ఎక్స్‌రే. నాళం గోడలో సున్నం పేరుకుంటేనే ఎక్స్‌రేలో దాని అంచు లీలగా కనిపిస్తుంది, లేకపోతే లేదు. వీపులోంచి సూది దింపి నాళంలోకి రంగుమందు ఎక్కించి ఫొటో తీసే పద్ధతి 1929లోనే లిస్బన్‌లో మొదలైంది. అది ముప్పుతో కూడిన పని, ఆరునెలలకోసారి చేసి చూసేది కాదు. శబ్దతరంగాలతో కడుపు లోపలి బొమ్మ చూడవచ్చని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం ప్రకటించింది 1958లో. అప్పటికి ఐన్‌స్టీన్ వెళ్లిపోయి మూడేళ్లు.

కాలం, దూరం అనేవి కొలిచేవాడిని బట్టి మారతాయని లోకానికి చెప్పిన మనిషి పొట్టలో, కొలవడానికి వీల్లేని ఒక ముప్పు పెరుగుతోంది. పెరుగుతోందని తెలుసు. ఎంతో తెలియదు.

ఆ ఏళ్ల గురించి డూకాస్ తర్వాత రాసిన ఉత్తరంలో, తమ అందరి తలల మీద కత్తి వేలాడుతున్నట్టే ఉండేదని చెప్పింది. ఆయనకూ తెలుసునని, ప్రశాంతంగా, నవ్వుతూ ఎదురుచూశారని రాసింది. 1950 మార్చి 18న ఆయన వీలునామా మీద సంతకం చేశారు. పక్షవాతంతో మంచం పట్టిన చెల్లెలు మాయాకు సాయంత్రాలు పుస్తకాలు చదివి వినిపించారు. 1951లో ఆమె పోయింది. 1952 నవంబరులో ఇజ్రాయెల్ అధ్యక్ష పదవి ఇస్తామని కబురొస్తే కాదన్నారు. ఆ పనికి కావలసిన నేర్పు తనకు లేదని, వయసు శక్తిని తినేస్తోందని జవాబిచ్చారు. గురుత్వాకర్షణను, విద్యుదయస్కాంతాన్ని ఒకే సూత్రంలోకి తేవాలనుకున్న ఏకీకృత క్షేత్ర సిద్ధాంతం లెక్కలు మాత్రం ఆపలేదు.

పైపు కూడా చాలాకాలం ఆయన చేతిని వదల్లేదు. పొగాకు మానమని వైద్యులు చెప్పారు. ఆ పైపు అంటే ఆయనకు ఎంతో ఇష్టం. ఆయన వాడిన పైపు ఒకటి ఈనాటికీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పొగకు, ఈ ఉబ్బుకు ఉన్న గట్టి సంబంధం ఆ రోజుల్లో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఈరోజు తెలుసు. అన్యూరిజం రావడానికి, వచ్చినది తొందరగా పెరగడానికి, చివరికి పగలడానికి, మనిషి మార్చుకోగలిగిన కారణాల్లో అన్నిటికన్నా పెద్దది పొగాకే.

ఈలోగా శస్త్రచికిత్స పరుగు తీస్తోంది. హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే సర్జన్ నైలాన్ గుడ్డ కోసం దుకాణానికి వెళితే, అది అయిపోయిందని డాక్రాన్ అనే కొత్త గుడ్డ చూపించారు. ఆ గుడ్డ కొనుక్కొచ్చి, ఇంట్లో భార్య కుట్టుమిషను మీద గొట్టంలా కుట్టి చూశారు. దెబ్బతిన్న ధమని స్థానంలో ఆ గుడ్డ గొట్టం నిలబడింది. ఆయన తొలి విజయాలు 1950ల నడుమలోవి. ఐన్‌స్టీన్ చివరి సంవత్సరాలూ అవే.

ఐదు రోజులు

ఏప్రిల్ 14, గురువారం. మెర్సర్ వీధి ఇంట్లో వైద్యులు కూడారు. న్యూయార్క్ నుంచి పాత మిత్రులైన డాక్టర్లు, వారితో ఫ్రాంక్ గ్లెన్ అనే పేరున్న సర్జన్ వచ్చారు. ఉబ్బుకు చిల్లు పడి రక్తం కారుతోంది. ఆపరేషన్ చేసి చూడవచ్చని, ఆశ కొంచెమేనని చెప్పారు.

ఐన్‌స్టీన్ వద్దన్నారు. కృత్రిమంగా ఆయువు పొడిగించుకోవడం తనకు నచ్చదని, తన వంతు పని తాను చేశానని, వెళ్లే వేళయిందని, అది అందంగా చేస్తానని ఆయన మాటల సారం. ఒక్కటి మాత్రం అడిగారు. చావు ఘోరంగా ఉంటుందా అని. చెప్పలేమన్నారు డాక్టర్లు. ఒక నిమిషంలో కావచ్చు, గంటల్లో కావచ్చు, రోజులు పట్టవచ్చు.

తట్టుకోలేక ఏడుస్తున్న డూకాస్‌ని చూసి ఆయన నవ్వారు. ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందేనని, ఎప్పుడన్నది పెద్ద విషయం కాదని సముదాయించారు.

చిల్లు పడ్డాక మనిషి ఐదు రోజులు ఎలా బతుకుతాడని అనుమానం రావచ్చు. గండి ఎటు పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. బృహద్ధమని ముందువైపు పగిలి రక్తం కడుపు కుహరంలోకి దూకితే నిమిషాల్లో ముగిసిపోతుంది. వెనకవైపు, వెన్నెముక పక్కన పగిలితే చుట్టూ ఉన్న కండరాలు, కొవ్వు కాసేపు అడ్డం నిలుస్తాయి. కారిన రక్తం గడ్డకట్టి తానే తాత్కాలిక అడ్డుకట్ట అవుతుంది. ఆ కొద్ది వ్యవధే ఆపరేషన్‌కి దొరికే అవకాశం. అడ్డుకట్ట తెగితే మరో అవకాశం ఉండదు.

శుక్రవారం ఉదయానికి ఆయన తల ఎత్తలేకపోయారు. ఆసుపత్రి వద్దన్నారు. ఇంట్లో ఉంటే డూకాస్ మీద మోయలేని భారం పడుతుందని చెబితేనే ఒప్పుకున్నారు. అంబులెన్సులో పక్కన కూర్చున్న స్వచ్ఛంద కార్యకర్త ఒక అర్థశాస్త్రవేత్త. అంత నొప్పిలోనూ ఐన్‌స్టీన్ అతనితో హుషారుగా కబుర్లు చెప్పారు.

కొడుకు హాన్స్ ఆల్బర్ట్ కాలిఫోర్నియా నుంచి విమానంలో వచ్చాడు. ఆదివారం నాటికి ఆయన కాస్త తేరుకున్నారు. కళ్లద్దాలు, కాగితాలు, పెన్సిలు తెప్పించుకుని లెక్కలు చేసుకున్నారు. లెక్కల కాగితాలు చూపిస్తూ, తనకు గణితం ఇంకాస్త వచ్చి ఉంటే బాగుండేదని కొడుకుతో సగం నవ్వుతూ అన్నారు. డూకాస్ శుభరాత్రి చెప్పి ఇంటికెళ్లింది.

సోమవారం, ఏప్రిల్ 18, రాత్రి ఒంటిగంట దాటింది. ఊపిరి తీరు మారడం చూసి నర్సు దగ్గరికొచ్చింది. ఆయన జర్మన్‌లో ఏదో అన్నారు. ఆమెకు ఆ భాష రాదు. ఒంటిగంటా పావు ప్రాంతంలో ప్రాణం పోయింది. వయసు 76. మంచం పక్కన లెక్కల కాగితాలు, పూర్తికాని ప్రసంగం మిగిలాయి.

శవపరీక్షలో కారణం తేలింది. బృహద్ధమని ఉబ్బు పగిలింది. పగిలిన అన్యూరిజం అచ్చం పిత్తాశయం వాచినట్టే నొప్పి పెట్టి వైద్యుణ్ణి పక్కదారి పట్టించడాన్ని, 1984 నుంచి వైద్యసాహిత్యంలో 'ఐన్‌స్టీన్ సైన్' అని పిలుస్తున్నారు.

నీటిమట్టం కొలిచే రాయి

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు కొన్ని అంకెలు పంచాంగంలా నోటికొచ్చు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. ఆ అంకెలు వరదను ఆపవు. పశువులను తోలుకుపోవడానికి, ధాన్యం మెరకకు చేర్చడానికి, పిల్లల్ని, ముసలివాళ్లను పడవెక్కించడానికి సమయం ఇస్తాయి. హెచ్చరిక లేని వరదకూ హెచ్చరిక ఉన్న వరదకూ మధ్య తేడా అంతా ఆ సమయమే.

ఐన్‌స్టీన్‌కి దక్కని ఆ కొలరాయి ఈరోజు మనకుంది. పొట్టమీద జెల్ రాసి, అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనించి, తెరమీద కనిపించే బృహద్ధమని వెడల్పును ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలుస్తారు. సూది లేదు, కోత లేదు, రేడియేషన్ లేదు. పది నిమిషాల పని.

బ్రిటన్‌లో ఈ పరీక్షను దేశవ్యాప్తంగా జరుపుతున్నారు. 65 ఏళ్లు నిండే మగవారందరినీ ఒకసారి స్కాన్‌కి పిలుస్తారు. 3 సెంటీమీటర్లలోపు ఉంటే ఇక రానక్కర్లేదు. 3 నుంచి 4.4 వరకు ఉంటే ఏడాదికోసారి. 4.5 నుంచి 5.4 వరకు ఉంటే మూడు నెలలకోసారి. 5.5కి చేరితే వెంటనే రక్తనాళాల సర్జన్ దగ్గరికి. వీటిని మూడు ప్రమాద హెచ్చరికలుగా గుర్తుపెట్టుకుంటే మరిచిపోం.

5.5 అనే గీత ఊహించి గీసింది కాదు. చిన్న ఉబ్బుకు ముందే ఆపరేషన్ చేసేస్తే మంచిదా, కనిపెట్టుకుని ఉంటే మంచిదా అని బ్రిటన్‌లో 1,090 మంది రోగులతో అధ్యయనం చేశారు. 1998లో ఫలితాలొచ్చాయి. 5.5 లోపు ఉన్నవారికి ముందస్తు ఆపరేషన్ వల్ల అదనపు ఆయువు దక్కలేదు. 2002లో అమెరికా అధ్యయనమూ అదే చెప్పింది. చిన్న ఉబ్బు పగిలే ముప్పు ఏడాదికి నూటికి ఒకటి లేదా అంతకన్నా తక్కువ. ఆపరేషన్‌కి ఉండే ముప్పు అంతకన్నా ఎక్కువ. అందుకే కాచుకోవడం కూడా వైద్యమే. డాక్టరు ఆరునెలల తర్వాత రమ్మన్నారంటే పట్టించుకోలేదని కాదు, లెక్కకట్టి చెప్పారని అర్థం.

ఆ కాపలా ప్రాణాలు నిలబెడుతుందని కూడా రుజువైంది. 65 నుంచి 74 ఏళ్ల మధ్య ఉన్న 67,800 మంది మగవారి మీద బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో, స్కాన్‌కి పిలిచిన వర్గంలో అన్యూరిజం మరణాలు 42 శాతం తగ్గాయి. ఇంత తేడా ఎందుకంటే, పగిలాక దాదాపు నూటికి 80 మంది బతకరు. చాలామంది ఆసుపత్రి గడప కూడా తొక్కరు. ముందే తెలిసి, తీరిగ్గా ముహూర్తం పెట్టుకుని చేయించుకున్న ఆపరేషన్‌లో దాదాపు అందరూ ఇంటికి తిరిగొస్తారు. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోది అనే సర్జన్ మరో దారి తెరిచారు. పొట్ట కోయకుండా, తొడ దగ్గరి నాళంలోంచి గుడ్డ చుట్టిన స్టెంట్‌ను పైకి పంపి ఉబ్బు లోపల అమర్చారు. రక్తం కొత్త గొట్టంలో సాగిపోతుంది, పాత గోడమీద ఒత్తిడి తగ్గుతుంది.

మన ఇళ్లలో

మన దగ్గర ఇలాంటి పిలుపు రాదు. భారతదేశంలో ఈ పరీక్షకు జాతీయ కార్యక్రమం లేదు. కాబట్టి ఆ పిలుపు మనకు మనమే ఇచ్చుకోవాలి.

ముందు ఎవరికి అవసరమో తెలుసుకుందాం. అరవై అయిదు దాటిన మగవారు, ముఖ్యంగా ఎప్పుడైనా పొగతాగినవారు. మన ఊళ్లలో తెల్లారితే చుట్ట ముట్టించే తాతలు, బీడీ కట్ట జేబులో లేనిదే పొలానికి కదలని పెద్దలు, సిగరెట్లు మానేసి పదేళ్లయిందని ధీమాగా ఉన్న నాన్నలు, అందరూ ఈ వరసలోకే వస్తారు. తండ్రికో అన్నకో ఈ ఉబ్బు ఉంటే, ఆ ఇంట్లో వాళ్లు ఇంకా ముందే చూపించుకోవాలి. ఆడవారిలో ఇది తక్కువగా వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం తక్కువ వెడల్పులోనే పగులుతుంది. అందుకే వారికి ఆపరేషన్ గీత 5 సెంటీమీటర్ల దగ్గరే గీస్తారు.

ఉబ్బు ఉందని తెలిస్తే పాటించాల్సినవి కొన్ని. వీలైనంతవరకు ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిపించుకోవాలి. గోడ బయటి అంచు నుంచి కొలిస్తే ఒక అంకె, లోపలి అంచు నుంచి కొలిస్తే మరో అంకె వస్తుంది. రెండు కేంద్రాల కొలతల మధ్య కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉబ్బు పెరిగిందని కాకపోవచ్చు. తేదీ, అంకె రాసిపెట్టుకోవాలి. ఏడాదిలో ఒక సెంటీమీటరు దాకా పెరిగితే 5.5 రాకపోయినా సర్జన్‌కి చూపించాలి. పొగాకు ఆ రోజుతోనే ఆపాలి. రక్తపోటు అదుపులో ఉంచుకోవాలి. ఉబ్బు పెరగకుండా ఆపే మాత్ర ఇంతవరకు ఏదీ లేదు, ఎవరు ఏ చూర్ణం అమ్మినా సరే. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వేసుకునే ముందు డాక్టరుకు ఈ సంగతి చెప్పాలి. ఈ ఉబ్బు ఉన్నవారు వాటికి వీలైనంత దూరంగా ఉండాలని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. మన ఊళ్లలో జ్వరమంటే మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చే మాత్రల్లో ఇవీ ఉంటాయి.

ఉన్నట్టుండి పొట్టలోనో నడుములోనో భరించలేని నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం కలిసి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకూడదు. పెద్ద ఆసుపత్రికి బయల్దేరాలి. ఉబ్బు ఉన్న సంగతి మొదటి మాటగా చెప్పాలి.

ఐన్‌స్టీన్ ఆపరేషన్ వద్దనుకోవడం ఆయన హక్కు. ఆ తీర్పును మనం తూచలేం. ఆయన ముందు ఉన్నది కారుతున్న గండి, కొద్దిపాటి ఆశ. మన పెద్దలకు గండి పడకముందే, తాపీగా కూర్చుని ఆలోచించుకునే అవకాశం ఉంది. చేయించుకుంటారో లేదో వారి ఇష్టం. ఆ ఇష్టాన్ని అడగడానికి ముందు అంకె తెలియాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. బీరువాలో మీ నాన్నగారి పాత స్కాన్ రిపోర్టులు ఉంటాయి. మూత్రపిండంలో రాయి కోసమో, ప్రోస్టేట్ కోసమో తీయించినవి. కాలేయం, పిత్తాశయం, ప్లీహం అంటూ వరసగా రాసుకొచ్చి, ఎక్కడో కింద బృహద్ధమని గురించి ఒక లైను ఉంటుంది. ఎవరూ చదవని లైను అది. మామూలుగానే ఉందని ఉంటే, ఎప్పటి స్కానో తేదీ చూడండి. ఆ లైనే లేకపోతే, ఈసారి వెళ్లినప్పుడు స్కాన్ బల్ల దగ్గర నాన్నగారి పక్కనే నిలబడి, బృహద్ధమని ఎంతుందో కొలిచి రాయమని అడగండి.